చివరి అధ్యాయం ముందు ఆగండి

డిటెక్టివ్ నవల అంటే ఒంటరిగా చదివేది అని మనకో నమ్మకం. తలుపేసుకుని, అన్నం సంగతి మర్చిపోయి, ఒక్క బిగిన చదివి పక్కన పడేసేది అని. ఆ నమ్మకం సగమే నిజం. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాత డిటెక్టివ్ నవలని నలుగురూ కలిసి చదవొచ్చు. ఎవరింట్లో వాళ్లుండి ఫోన్‌లోనే కలిసి చదవొచ్చు. కానీ ఒక షరతు. చివరి అధ్యాయం ముందు ఆగాలి. ఆగి, హంతకుడెవరో ఎవరికి వాళ్లు విడిగా రాయాలి. పేరు చెబితే చాలదు, చోటు చూపించాలి. అంటే ఏ అధ్యాయంలో ఏ మాట చూసి ఆ పేరు రాశారో అది కూడా రాయాలి. రేడియోలో విన్నది వెనక్కి తిప్పి చూసుకోలేం కాబట్టి మళ్లీ చెబుతున్నాను. చివరి అధ్యాయం ముందు ఆగాలి. పేరు చెబితే చాలదు, చోటు చూపించాలి. మిగతా ప్రసంగమంతా ఇలా ఎందుకో చెప్పడానికే.

ఫోన్‌లో ఎందుకు, ఎదురెదురుగా కూర్చుంటే పోలేదా అని కొందరంటారు. హైదరాబాదు శివార్లలోని కండ్లకోయ సంగతే చూడండి. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, ఔటర్ రింగు రోడ్డు కలిసే చోటది. 158 కిలోమీటర్ల ఔటర్‌లో ఆఖరుగా, 2018లో, పూర్తయిన ముక్క ఇక్కడిదే. 2022 ఫిబ్రవరిలో ఇక్కడ ఐటీ పార్కుకి శంకుస్థాపన చేశారు. ఇంజనీరింగు కాలేజీలున్నాయి. మేడ్చల్ వైపు మందుల కంపెనీలు, గోదాములు. శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్. ఒక అపార్టుమెంటులో శ్రీకాకుళం వాళ్లు, ఆదిలాబాదు వాళ్లు, అనంతపురం వాళ్లు పక్కపక్క ఫ్లాట్లలో ఉంటారు. ఒకరిది పొద్దుటి షిఫ్టు, ఒకరిది రాత్రి షిఫ్టు. లిఫ్టులో కనబడితే తలూపుకుంటారు, అంతే. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901లో పుట్టింది. ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం పూట కొంపల్లి, సుచిత్ర దాటుకుని అంత దూరం పోయి రావడం రోజూ అయ్యే పని కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి, అన్నాలయ్యాక, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని కలవడం తేలిక. హాస్టల్లో ఉన్న అమ్మాయి కలుస్తుంది. డాలస్‌లో ఉన్న కొడుక్కి అప్పుడు పొద్దున, వాడూ కలుస్తాడు. దూరాన ఉన్న తెలుగువాళ్లు పుస్తకం కోసం ఒకచోట చేరడం కొత్తేం కాదు. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998లో మొదలైంది. పుస్తకం ముందే అనుకుని, చదువుకుని వచ్చి మాట్లాడుకోవడం వాళ్ల పద్ధతి. ముందే చదువుకుని రావడం అన్న ఆ చిన్న క్రమశిక్షణ లేకపోతే ఏ పుస్తకాల గ్రూపైనా రెండో నెలకి పండగ శుభాకాంక్షల గ్రూపైపోతుంది.

కలిసి చదవడానికి బోలెడు పుస్తకాలున్నాయి. డిటెక్టివ్ నవలకున్న సౌకర్యం మాత్రం మరోదానికి లేదు. దానికి ఆగే చోటొకటి ఉంది. పొడుపుకథ వెయ్యడం గుర్తు తెచ్చుకోండి. అరుగు మీద అమ్మమ్మ పొడుపుకథ వేస్తుంది. ఒకడికి జవాబు ముందే తెలుసు, నోరు తెరవబోతాడు. నువ్వుండరా, వాళ్లని చెప్పనీ అని వాణ్ణి గదమాయిస్తుంది. జవాబు ఆలస్యం కావడమే అక్కడ ఆట. డిటెక్టివ్ నవల కూడా అలాంటి పొడుపుకథే, కాకపోతే మూడు వందల పేజీలు. మనం ఏం చేస్తున్నామంటే, పొడుపుకథ వేసిన మనిషినే జవాబు కూడా చెప్పనిస్తున్నాం. పేజీ తిప్పితే జవాబుంది, తిప్పేస్తున్నాం. ఒకప్పుడు తిప్పడానికి వీలుండేది కాదు. విల్కీ కాలిన్స్ రాసిన ‘ది మూన్‌స్టోన్’ 1868లో లండన్ వారపత్రికలో జనవరి నుంచి ఆగస్టు దాకా సీరియల్‌గా వచ్చింది. మన శ్రీరంగపట్నం ముట్టడిలో దోచుకుపోయిన వజ్రం కథ అది. పాఠకులు వారం వారం ఆగాల్సిందే. ఆ వారం రోజులూ ఏం చేస్తారు? దొంగెవరో వాదించుకుంటారు. మన వారపత్రికల సీరియళ్లకీ ఇదే జరిగేది. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు నవల ఇంట్లో చేతులు మారేది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎవరిని పట్టుకున్నారో మొదట చదివినవాడు చెప్పకూడదు. చెబితే ఇంట్లో రణరంగమే. అప్పట్లో ఆగమన్నది పత్రిక, అద్దె లైబ్రరీ. ఇప్పుడు ఆగమనేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఆ నియమం మనమే పెట్టుకోవాలి.

ఈ ఆట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. డిటెక్టివ్ రచయితలే ముందు ఆడారు. 1930లో లండన్‌లో వాళ్లు డిటెక్షన్ క్లబ్ అని ఒకటి పెట్టుకున్నారు. చెస్టర్టన్ మొదటి అధ్యక్షుడు. అగాథా క్రిస్టీ, డొరతీ సేయర్స్ సభ్యులు. పాఠకుడి దగ్గర ముఖ్యమైన ఆధారం దాచనని ప్రతి సభ్యుడూ ప్రమాణం చెయ్యాలి. ఆ ప్రమాణానికి ఒక కపాలాన్ని కూడా తెచ్చిపెట్టుకున్నారు. వేళాకోళం పాలే ఎక్కువ, కానీ నియమం నిజమైనదే. మరుసటేడు, 1931లో, వాళ్లలో కొందరు కలిసి ‘ది ఫ్లోటింగ్ అడ్మిరల్’ అనే నవల రాశారు. నదిలో కొట్టుకొచ్చిన పడవ, పడవలో శవం. ఒక్కో అధ్యాయం ఒక్కరు రాయాలి. ముందు రాసినవాళ్ల మనసులో ఏముందో తర్వాతివాళ్లకి తెలియదు. వాళ్లు పెట్టిన చిక్కుముళ్లలో ఏదీ వదిలెయ్యకూడదు. తన అధ్యాయంతో పాటు, తన లెక్క ప్రకారం హంతకుడెవరో, ఎలా చేశాడో రాసి ఇవ్వాలి. ఆ జవాబుల్ని పుస్తకం చివర అచ్చేశారు. చదివితే నవ్వొస్తుంది. ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ పొంతన లేదు. రాసినవాళ్లు ఆ విద్యలో పండిపోయినవాళ్లు. ఆధారాలు అందరికీ అవే. జవాబులు మాత్రం ఎవరివి వాళ్లవి. అంతకు రెండేళ్ల ముందు ఆంథొనీ బర్క్‌లీ ‘ది పాయిజన్డ్ చాకొలెట్స్ కేస్’ రాశాడు. అందులో ఆరుగురు సభ్యుల క్లబ్బు ఒకే హత్యకి ఒకరి తర్వాత ఒకరు పరిష్కారం చెబుతుంది. ప్రతి ఒక్కరిదీ విన్నప్పుడు ఇదే నిజం అనిపిస్తుంది. తర్వాతివాళ్లు లేచి దాన్ని కూల్చేస్తారు. ఎల్లరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరు రచయితలైతే తమ తొలి నవలల్లో చివరికి ముందు కథనే ఆపేశారు. ఆధారాలన్నీ మీ చేతికిచ్చాం, ఇక మీరు చెప్పండి అని పాఠకుడికి సవాలు విసిరారు. అంటే ఆగే చోటు పుస్తకంలోనే అచ్చేసి ఉందన్నమాట. అక్కడ ఆగకుండా పోవడమే మనకి అలవాటైంది.

ఆగడం సరే, విడిగా రాయడం ఎందుకు? గ్రూపులోనే చర్చించుకుంటే సరిపోదా? సరిపోదు. వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజికి ఉండే బలం మీకు తెలుసు. ఎవరో ఒకరు డాక్టరే హంతకుడంటారు. వరసగా బొటనవేళ్లు లేస్తాయి. వంటమనిషి మీద అనుమానం ఉన్నావిడ ఆ అనుమానాన్ని మింగేస్తుంది. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక పరీక్ష పెట్టాడు. రెండు కార్డుల మీద గీతలు చూపించి, ఏది దేనితో సమానమో చెప్పమన్నాడు. గదిలో ఒక్కరే అసలు మనిషి. మిగతావాళ్లంతా ఆష్ ముందే మాట్లాడిపెట్టుకున్నవాళ్లు. వాళ్లు కావాలని తప్పు చెప్పినప్పుడు, ఆ అసలు మనుషులు దాదాపు మూడోవంతు సార్లు తామూ తప్పే చెప్పారు. గీత కళ్లెదుటే ఉంది. అయినా తప్పు చెప్పారు. కళ్లకి కనబడే గీత విషయంలోనే ఇలా ఉంటే, మూడు వందల పేజీల అనుమానాల సంగతేమిటి? అందుకే నలుగురి మాటా వినకముందే రాయాలి. పుస్తకం ముందే పూర్తి చేసిన ఒకరికి, గ్రూపులో కాకుండా, విడిగా పంపాలి. ఆ ఒక్కరూ నోరు కట్టేసుకోవాలి. కనీసం నవ్వే బొమ్మ కూడా పెట్టకూడదు. చెప్పినంత తేలిక కాదది.

చోటు చూపించమనడంలో ఇంకో లాభం ఉంది, అది పుస్తకం బయటిది. 2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెసేజీలు తిరిగాయి. ఊళ్లల్లో కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. ఏ పాపం ఎరగని కొత్తవాళ్లు దెబ్బలు తిన్నారు. ప్రాణాలు కూడా పోయాయి. ఆ జూలైలో, మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెడుతున్నట్టు వాట్సాప్ ప్రకటించింది. ఆ మెసేజీల్లో అసలేముంది? నేరం ఉంది, నేరస్థులున్నారు. చోటు లేదు. ఎవరు చూశారు, ఏ రోజు, ఏ స్టేషన్లో కేసు నమోదైంది, ఏదీ లేదు. నవలలు చదివితే పుకార్లు ఆగిపోతాయని నేననను, అది మరీ పెద్ద మాట. కానీ ప్రతి వారం ఏ అధ్యాయంలో ఉంది అని అడగడం అలవాటైన మనిషికి, ఇంకో గ్రూపులో ఎవరు చూశారు అని అడగడానికి అంత మొహమాటం ఉండదు.

ఇక, నలుగురు కలిస్తే ఒక్కరికి కనబడనివి ఎలా కనబడతాయో ఒక నవల దగ్గర పెట్టుకుని చూద్దాం. అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’, 1920లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిడ సొంతూరు టార్కీలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. మందులు తూచడం, కలపడం, దానికో పరీక్ష పాసవడం, అన్నీ అయ్యాయి. ఆ గదిలో పనిచేస్తూనే ఈ నవల తలపెట్టింది. ఇందులో విషం స్ట్రిక్నిన్. మన ముష్టి గింజల్లో ఉండేదే. తెల్లవారుజామున ఇంటి పెద్దావిడ కొట్టుకుంటూ చనిపోతుంది. మామూలు పాఠకుడు ఏం చేస్తాడు? రాత్రి కాఫీ ఎవరిచ్చారు, కోకో ఎవరు కాచారు అని గిన్నెల వెంట పడతాడు. స్ట్రిక్నిన్ పనిచెయ్యడానికి ఎక్కువసేపు పట్టదు కదా, మరి ఇన్ని గంటల ఆలస్యమేమిటి అని తల గోక్కుంటాడు. అదే గ్రూపులో మేడ్చల్ మందుల కంపెనీలో పనిచేసే ఆయన ఒకరున్నారనుకోండి. ఆయన గిన్నెల వైపు చూడడు. ఎటు చూస్తాడో చెప్పను. చెబితే నా నియమం నేనే తప్పినట్టు. మందుల వృత్తివాళ్ల ‘ఫార్మస్యూటికల్ జర్నల్’ ఈ నవలని మెచ్చుకుంటూ సమీక్ష రాసిందని మాత్రం చెబుతాను. ఆ మెప్పంటే క్రిస్టీకి మహా గర్వం. అలాగే నల్సార్‌లో లా చదివే అమ్మాయి ఉందనుకోండి. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, డిటెక్టివ్ వేలు చూపించగానే, ఇన్‌స్పెక్టరు ముందే హంతకుడు నేరం ఒప్పేసుకునే ముగింపు ఎన్ని నవలల్లో ఉందో మీకు తెలుసు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమూ అదే చెబుతోంది. అయితే మిగిలిన ఆధారం ఏముంది అని ఆ అమ్మాయి అడుగుతుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన వీలునామా సంగతి ఎత్తుతాడు. మొదటి భార్య కొడుకు ఉండగా ఆస్తి వేరేవాళ్లకెలా పోయింది అంటాడు. వీలునామా గురించిన ఆ వాక్యం అందరూ చదివారు. ఆగింది ఆయనొక్కడే. ఆ వాక్యం ఎక్కడుందో చూపించినప్పుడే అది మిగతావాళ్లకీ ఆధారమవుతుంది. పేరు చెబితే చాలదు, చోటు చూపించాలి అనడం ఇందుకే.

ఎవడో ఒకడు ముందే చివరి పేజీ చూసి చెప్పేస్తే? ఇది అందరూ అడిగేదే. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగోలో ఇద్దరు పరిశోధకులు కథల ముగింపు ముందే చెప్పి చదివించి చూశారు. మిస్టరీ కథలతో సహా, ముగింపు తెలిసినవాళ్లకే కథ ఇంకొంచెం ఎక్కువ నచ్చిందని తేలింది. తర్వాతి పరిశోధనలన్నీ దీంతో ఏకీభవించలేదు. కాబట్టి ముగింపు తెలిస్తే ఆనందం పోతుందా పోదా అన్న వాదన నేను పెట్టుకోను. పోయేది వేరే. ఊహించే పని పోతుంది. ముగింపు తెలిసినవాడు గ్రూపులో ఉండొచ్చు, ఆనందంగా చదవొచ్చు, కానీ జవాబు రాయడానికి అర్హుడు కాడు. వాడికి ఒక ఉద్యోగం ఉంది. అందరి జవాబులూ విడిగా అందుకుని భద్రం చేసే పని వాడికే ఇవ్వండి. ఆగలేనివాళ్లకి తాళంచెవి ఇవ్వడమన్నమాట. అనుమానంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ బాధ్యత మీద పడ్డాక మనుషులు చిత్రంగా నోరు అదుపులో పెట్టుకుంటారు.

ఇంకొందరు, ఇదంతా కాలక్షేపం చదువు, దీనికి క్లబ్బొకటా అంటారు. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో ఇదే అన్నాడు. రోజర్ ఆక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరికి కావాలి అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసమే రాశాడు. మన దగ్గర పాకెట్ డిటెక్టివ్ నవలని పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివారు కానీ సాహిత్య చరిత్రలో చేర్చలేదు. ఆ చరిత్రని ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’గా రాసిన ఆరుద్ర మాత్రం స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశాడు. ‘పలకల వెండి గ్లాసు’ ఆయనదే. అయినా విల్సన్ మాటలో నిజం లేకపోలేదు. పేరు కోసమే చదివితే, పేరు తెలిశాక పుస్తకం చచ్చిపోతుంది. చోటు కోసం చదివితే అలా కాదు. విల్సన్ ఎగతాళి చేసిన నవలే తీసుకోండి. ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ 1926లో వచ్చినప్పుడు, క్రిస్టీ పాఠకుణ్ణి మోసం చేసిందని కొందరు, ఒక్క అబద్ధం కూడా రాయలేదని కొందరు తగువుపడ్డారు. ఆ తగువు తీరాలంటే ఏం చెయ్యాలి? వెనక్కి వెళ్లి ఒక్కో వాక్యం మళ్లీ చదవాలి. ఏం చెప్పిందో, ఏం చెప్పకుండా దాటేసిందో చూడాలి. కావ్యం చదివేవాళ్లు చేసేదీ ఇదే. అన్ని నవలలూ ఈ పరీక్షకి నిలబడవు. చివర్లో కవల సోదరుడు ఊడిపడే నవలలు మన పాకెట్ బుక్స్‌లో కావలసినన్ని ఉన్నాయి. అలాంటి నవలకి ఎవరూ చోటు చూపించలేరు. నలుగురూ రాసిన కాగితాలు ఖాళీగా వస్తే, తప్పు పాఠకులది కాదు, రచయితది. అది తెలియడం కూడా లాభమే.

తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లల్లో చిక్కొకటి ఉంది. ఇంగ్లీషు మీడియం చదువు, తెలుగు మాట్లాడతారు, చదవలేరు. దానికి మందు పాతదే. ఒకరు చదవడం, మిగతావాళ్లు వినడం. కాల్‌లో రోజుకో అధ్యాయం గొంతెత్తి చదవండి. విన్నవాళ్లకి పేజీ నంబరు తెలియదు, అధ్యాయం నంబరు తెలుస్తుంది. ఫోన్‌లో చదివేవాళ్లకీ, అచ్చు పుస్తకం పట్టుకున్నవాళ్లకీ పేజీలు ఎలాగూ కలవవు, కాబట్టి అధ్యాయం లెక్కే అందరికీ మంచిది. ఇక పుస్తకాల మాట. గ్రూపు పెట్టిన మర్నాడే ఎవరో ఒకరు పీడీఎఫ్ పంపిస్తారు. కాస్త చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయి. కోనన్ డాయిల్ 1930లో పోయాడు, ఆయన ఇంగ్లీషు కథలు ఎవరైనా పంచుకోవచ్చు. క్రిస్టీ పోయింది 1976లో, కొమ్మూరి 1994లో. వాళ్లవి కొనుక్కోవాలి. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, ఓపికుంటే అక్కడ వెతకండి.

మొదలుపెట్టడానికి నవల వద్దు, పెద్ద కథ చాలు. షెర్లాక్ హోమ్స్ కథ ‘సిల్వర్ బ్లేజ్’ తీసుకోండి. 1892లో వచ్చింది. పందెపు గుర్రం మాయమవుతుంది, దాని శిక్షకుడు బయలు మీద చచ్చి పడి ఉంటాడు. గంటలో చదివెయ్యొచ్చు. గుర్రప్పందెం రోజు వచ్చే ముందు ఆపండి. కావలసిన ముఖ్యమైన ఆధారాలు అప్పటికే వచ్చేసి ఉంటాయి, గొర్రెల సంగతితో సహా. శనివారం రాత్రి పదింటిలోగా జవాబులు పంపాలి. శిక్షకుణ్ణి చంపిందెవరు, ఏ మాట చూసి అలా అనుకున్నారు, అంతే. ఆదివారం రాత్రి అన్నీ ఒకేసారి చదివి వినిపించండి, ఎవరు రాశారో పేర్లు చెప్పకుండా. ఆ తర్వాతే మిగిలిన కథ. జవాబు పంపనివాళ్లు కూడా వచ్చి వినొచ్చు. కాకపోతే, నాకు ముందే తెలుసు అనే మాట మాత్రం వాళ్లు అనకూడదు.